ఇంటిల్లిపాదీ కలిసి చూసేవి ఏమున్నాయక్కా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది కోస్గి దగ్గర పల్లె. మా ఆయన ఎరువుల దుకాణం నడుపుతాడు. బిడ్డ మహబూబ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది, శనివారం ఇంటికొస్తుంది. కొడుకు ఎనిమిదో తరగతి. మా అత్తమ్మకు డెబ్బైకి దగ్గర. వయసులో ఉన్నప్పుడు మామయ్యతో కలిసి బొంబాయిలో బిల్డింగు పనులు చేసి ఇల్లు నిలబెట్టిన మనిషి. దసరాకు పెద్ద టీవీ కొన్నాం. అందులో అన్ని యాప్‌లూ ఉన్నాయి. శనివారం రాత్రి అన్నాలు తిని కూర్చుంటే ఏం పెట్టాలో తేలేసరికే అరగంట పోతోంది. మా ఆయనకు కొట్లాటలు ఉండాలి. బిడ్డకు కొరియా సీరియళ్లు కావాలి. కొడుకు రీల్స్‌లో నుంచి తల ఎత్తడు. ఏదో ఒకటి పెడితే మధ్యలో ముద్దు సీను వస్తుంది. అందరం రిమోట్ కోసం తడుముకుంటాం, అత్తమ్మ లేచి లోపలికి పోతుంది. హాస్టల్లో హైదరాబాద్ పిల్లలు సినిమాల ముచ్చట పెడుతుంటే తనకేమీ తెలియదని బిడ్డ చిన్నబోతోంది. ఈ మధ్య వచ్చినవాటిలో బాగున్నవి, అందరం కూర్చుని చూడగలిగినవి చెప్పండి. మనవైపు మాట ఉన్నవైతే ఇంకా సంతోషం. ఇంకొకటి, అత్తమ్మ చేత సీరియళ్లు మాన్పించే ఉపాయం ఉంటే అది కూడా చెప్పండి.
— ఒక చెల్లె, నారాయణపేట జిల్లా

జవాబు: చెల్లే, నీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది అత్తమ్మ బొంబాయి ముచ్చట. నువ్వు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశావు. నేను అక్కడి నుంచే మొదలుపెడతా. ఎందుకంటే ఆ టీవీ ముందు మొదట కూర్చోబెట్టాల్సిన మనిషి ఆమె. ఆమె కూర్చుంటే మీ ఆయన కూర్చుంటాడు. ఆయన కూర్చుంటే పిల్లలు కొంతసేపైనా కదలరు.

మొదటి శనివారం సినిమా పెట్టొద్దు. పాట పెట్టు. రాము రాథోడ్ పాడిన ‘రాను బొంబాయికి రాను’. ఇది మీవాడికి నేను చెప్పేదేం లేదు, వాడే నాకు స్టెప్పులతో సహా చెబుతాడు. యూట్యూబ్‌లో కోట్లమంది చూసిన పాట. పాడిన పిలగాడు మన పాలమూరు జిల్లావాడే. పిలగాడు ఆశలు చూపి రమ్మంటాడు, పిల్ల రానంటుంది. పెండ్లి బరాత్‌లో డీజే మీద వింటే హుషారు పాట, అంతే. పాలమూరులో పుట్టినవాళ్లకు మాత్రం బొంబాయి అన్న మాట చెవిలో పడగానే చూడబోయే పట్నం గుర్తుకు రాదు. వానలు మొహం చాటేసిన ఏడాది గుర్తొస్తుంది. అడ్వాన్స్ చేతిలో పెట్టి పేరు రాసుకునే గుంపు మేస్త్రి గుర్తొస్తాడు. పిల్లల్ని ముసలమ్మ దగ్గర వదిలి, మూటలు కట్టుకుని బస్సెక్కినవాళ్లు మళ్లీ ఏ పీర్ల పండక్కో, దసరాకో వచ్చి నాలుగు రోజులుండి పోవడం గుర్తొస్తుంది. దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కట్టినా పాలమూరు లేబర్ ఉండేదని మనవాళ్లు చెప్పుకుంటారు. అందులో గొప్ప ఎంతో, కడుపుమంట అంతే.

కాబట్టి ఆ పాటను పెద్ద టీవీలో, సౌండు బాగా పెట్టి, అత్తమ్మ పక్కనుండగా వేయి. మీవాడు ఫోన్ పక్కన పెట్టి లేస్తాడు. అది వాడి పాట. అయిపోయాక ఆమెను ఒక్క మాట అడుగు: ‘నువ్వు రానని అనలేదా అత్తమ్మా?’ తరువాత ఆమె ఇష్టం. ఏ నాకా మీద నిలబడి పని కోసం చూసేవాళ్లో, ఎట్లాంటి గుడిసెలో ఉన్నారో, అక్కడ హిందీ ఎట్లా నేర్చుకుందో చెబితే చెబుతుంది. నవ్వి ఊరుకుంటే ఊరుకుంటుంది. ఇంటర్వ్యూ చేసినట్టు వెంటపడొద్దు. మీ బిడ్డ ఒక్కసారి ఆ ముచ్చట విన్నదంటే హాస్టల్లో చిన్నబోవడం తగ్గుతుంది చూడు. హైదరాబాద్ పిల్లలందరికీ ఆ పాట నోటికొచ్చు. ఆ పాటలోని బొంబాయిలో ఇటుకలు మోసిన నాయనమ్మ ఉన్నది మాత్రం తనకే.

యూట్యూబ్ జానపదాలు అన్నీ ఇట్లాగే ఉంటాయని అనుకోకు. ఒకటి హిట్టయితే అదే దరువు మీద ఇరవై వస్తాయి. అదే చెరువు గట్టు, అదే బావ, అదే మరదలు, అవే వంకీల జడలు. రెండు విన్నాక మూడోది విననక్కర్లేదు. వాటిలోంచి ఏరుకోవాలి. నేను ఏరేదైతే మొదట దర్శనం మొగులయ్యను ఏరతా. నాగర్‌కర్నూల్ జిల్లా, అచ్చంపేట వైపు మనిషి. ‘భీమ్లా నాయక్’ సినిమా పాట మొదట్లో వినిపించే ఆ గొంతు ఆయనది. ఆ పాట 2021లో వచ్చింది, 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. సినిమా పాటలో ఆయన వినిపించేది కొంచెమే. విడిగా ఆయన పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకుని పండుగ సాయన్న కథ పాడిన వీడియోలు ఉన్నాయి, అవి పెట్టు. పండుగ సాయన్న అంటే ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పంచాడని పాలమూరు పాడుకునే మనిషి. మీ ఆయనకు కొట్లాటలు కావాలన్నావు కదా, ఇందులో కావలసినన్ని ఉన్నాయి. అత్తమ్మకు ఆ కథ ముందే తెలిసి ఉండొచ్చు. తెలిస్తే ఆమే సవరిస్తుంది.

గోరటి వెంకన్న సంగతి వేరు. ఆయనా నాగర్‌కర్నూల్ జిల్లా వాడే, తెల్కపల్లి మండలం గౌరారం. ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాట 2002లో ‘కుబుసం’ సినిమాలో వచ్చి ఇంటింటికీ పోయింది. ‘వల్లంకి తాళం’ పుస్తకానికి 2021 సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన్ను రికార్డులో వినడం కంటే వేదిక మీద పాడుతుంటే చూడాలి. పాడుతూ పాడుతూ మధ్యలో ఆపి ముచ్చట చెబుతాడు, చేతులు తిప్పుతాడు, చిందేస్తాడు. ఆ వీడియోలు బోలెడు. అన్నం తినే వేళకు ఒకటి పెడితే చాలు.

ఇక సినిమాలు. రెండో శనివారం ‘బలగం’. చూసేసి ఉంటే మళ్లీ చూడండి, చాలామంది ముక్కలు ముక్కలుగా ఫోన్లో చూసి చూశామనుకుంటారు. 2023లో వచ్చింది. అప్పటిదాకా మనకు కమెడియన్‌గా తెలిసిన వేణు యెల్దండి డైరెక్ట్ చేశాడు. కొమురయ్య అనే ముసలాయన పోతాడు. పెట్టిన ముద్దను కాకి ముట్టదు. ఎందుకు ముట్టడం లేదని ఊరంతా ఒక మాట, ఇంట్లో తలా ఒక మాట. వెతికితే ఎప్పుడో దావత్‌లో నల్లి బొక్క దగ్గర మొదలైన అలక బయటపడుతుంది. బామ్మర్ది, బావ మాట్లాడుకోక ఏండ్లు గడిచాయి, మధ్యలో ఆడబిడ్డ పుట్టింటికి దూరమైంది. నవ్వొచ్చే కారణమే. కానీ మన ఇళ్లలో రక్తసంబంధాలు తెగేది నూటికి తొంభైసార్లు ఇట్లాంటి కారణాలకే, ఆస్తి తగాదాలు తరువాత వచ్చి చేరతాయి. ఆ సినిమా వచ్చినప్పుడు ఊళ్లలో తెరలు కట్టుకుని జనం అంతా కూర్చుని చూశారు. పాత సినిమాల రోజుల తరువాత అట్లా చూడడం అదే. ‘ఊరు పల్లెటూరు’ పాటకు కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు వచ్చింది.

చివర్లో బుడగజంగాల దంపతులు కొమురమ్మ, మొగిలయ్య పాడే పాట ఉంటుంది. అప్పటిదాకా బింకంగా కూర్చున్న మగవాళ్లు ఆ పాట దగ్గర ఏదో పనున్నట్టు లేచి బయటికి పోతారు. మీ ఆయన లేస్తే లేవనివ్వు, వెనక నుంచి పిలవకు. కిన్నెర మొగులయ్య, ఈ మొగిలయ్య వేరువేరు మనుషులు. వీళ్లిద్దరినీ కలిపేసి వాట్సాప్‌లో తిప్పుతుంటారు కాబట్టి చెబుతున్నా. బలగం మొగిలయ్యది వరంగల్ వైపు, 2024 డిసెంబర్‌లో పోయాడు.

దీనికి ఒక జాగ్రత్త. ఇంట్లోనో, దగ్గరి చుట్టాల్లోనో ఈ మధ్య ఎవరైనా పోయి ఉంటే ఇప్పుడే పెట్టకు, ఆరు నెలలు ఆగు. ఆ సినిమాలో మూడొద్దులు, పదకొండొద్దులు అన్నీ ఉన్నదున్నట్టు చూపించారు. పచ్చి పుండు మీద పడుతుంది. ఇంకో సంగతి, అందులో మాట సిరిసిల్ల వైపుది. మన పాలమూరు చెవికి కొన్ని మాటలు కొత్తగా తగులుతాయి. అత్తమ్మ ‘గట్లంటరా?’ అని అడగడం ఖాయం.

మాట ముచ్చట వచ్చింది కాబట్టి మనసులో ఉన్నది అనేస్తా. మా చిన్నప్పుడు తెలుగు సినిమాలో తెలంగాణ మాట వినబడిందంటే అది రౌడీదో, తాగుబోతుదో, జనం నవ్వడానికి పెట్టిన పనివాడిదో అయ్యుండేది. హీరో, హీరోయిన్ ఎక్కడ పుట్టినా కృష్ణా జిల్లాలో పెరిగినట్టే మాట్లాడేవాళ్లు. 2017లో ‘ఫిదా’లో బాన్సువాడ పిల్లగా సాయిపల్లవి సొంత గొంతుతో ఆ యాస మాట్లాడినప్పుడు హాల్లో ఈలలు ఊరికే పడలేదు. ఇప్పుడైతే రివర్స్ అయింది. కథకు అక్కర లేకపోయినా నాలుగు ‘గిట్ల’లు, రెండు ‘ఏందిరా భై’లు, ఒక మందు సీను పెట్టి తెలంగాణ సినిమా అంటున్నారు. యాస ఉంది కదా అని ప్రతిదీ నెత్తిన పెట్టుకోవాల్సిన పనిలేదు. నువ్వు మనవైపు మాట ఉన్నవి అడిగావు కాబట్టి ఈ తేడా చెప్పాల్సి వచ్చింది.

సరైన మాట పడ్డదొకటి ‘సివరపల్లి’. ఇది సినిమా కాదు, సిరీస్. ఎనిమిది భాగాలు, 2025 జనవరిలో ప్రైమ్‌లో వచ్చింది. హిందీలో పేరు పొందిన ‘పంచాయత్’కు తెలుగు రూపం. అమెరికా పోవాలనుకునే ఇంజనీరింగ్ పిలగాడు పంచాయతీ కార్యదర్శిగా మారుమూల పల్లెకు వచ్చి పడతాడు. రాగ్ మయూర్ చేశాడు, ఆ మొహంలో చిరాకు భలే పలుకుతుంది. ఇక్కడ నీకొక తమాషా. బలగంలో అలిగిన అల్లుడు నారాయణగా చేసిన మురళీధర్ గౌడ్, ఆయన భార్యగా చేసిన రూపాలక్ష్మి ఇందులోనూ భార్యాభర్తలే. ఈసారి ఆమె సర్పంచ్. పెత్తనం మాత్రం ఆయనది. మన రాష్ట్రంలో పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లకు ఉన్నాయి. పేరు ఆమెది, కుర్చీ ఆయనది అయిన పంచాయతీలు మీ మండలంలో ఎన్నున్నాయో మీ ఆయన్నే లెక్కపెట్టమను. సిరీస్ అదే సంగతిని అరవకుండా, నవ్విస్తూ చెబుతుంది.

నా మాట అడిగితే హిందీది ఇంకా బాగుంటుంది. అందులో ఏమీ జరగకుండా గడిచే నిమిషాలు ఎక్కువ, పల్లెలో పొద్దు గడిచేది అట్లాగే. తెలుగులో అక్కడక్కడ తొందరపడ్డారు. కానీ అత్తమ్మకు తెలుగుదే పెట్టు. రోజుకొక భాగం, అరగంట. ఒక్క రాత్రిలో ఎనిమిదీ లాగించేయొద్దు.

మీవాడి కోసం ‘మల్లేశం’. 2019లో వచ్చింది, నిజంగా బతికున్న మనిషి కథ. చింతకింది మల్లేశంది అప్పటి నల్గొండ జిల్లా, ఆలేరు వైపు ఊరు. చీరకు ఆసు పోసేటప్పుడు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. తిప్పీ తిప్పీ తల్లి భుజం పోతుంటే చూడలేక, ఆరో తరగతితో బడి మానేసిన పిలగాడు ఏండ్ల తరబడి తంటాలు పడి ఆసు యంత్రం చేశాడు. దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టుకున్నాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మీ జిల్లాలోనే నారాయణపేట చీరలు నేసే మగ్గాలున్నాయి. చూసిన మరుసటి ఆదివారం వాణ్ని తీసుకుపోయి ఒక మగ్గం చూపించు. సినిమా మొదట్లో కాస్త నెమ్మది. వాడు పదిహేను నిమిషాలు గొణుగుతాడు, గొణగనివ్వు.

ఇందులో హీరో ప్రియదర్శి. బలగంలో మనవడూ అతనే. కిందికొచ్చాక ఇంకో సినిమాలో కూడా అతనే వస్తాడు. నేనేమీ అతని ఏజెంటును కాను, మంచి కథలు ఏరుకుంటున్నాడు, అంతే.

ముద్దు సీన్ల గొడవకు సులువైన మందు ఉంది. ఓటీటీలో ఏది పెట్టినా మొదలయ్యేటప్పుడు తెర మూలన వయసు గుర్తు వస్తుంది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యూ, యూఏ 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్, ఏ అని వేయాలి. దాని పక్కనే హింస, బూతు, శృంగారం వంటివి ఏవున్నాయో చిన్న అక్షరాల్లో రాస్తారు. అది మూడు సెకన్లలో పోతుంది కాబట్టి మనం చదవం. సినిమా పేజీలో వివరాల దగ్గర కూడా అదే ఉంటుంది, అక్కడ తీరిగ్గా చదువుకోవచ్చు. 13 ప్లస్, ఆపైవాటికి పిల్లలు చూడకుండా లాక్ పెట్టే ఏర్పాటు కూడా ఉండాలని ఆ నిబంధనల్లోనే ఉంది. అందరం కూర్చున్నప్పుడు 13 ప్లస్ దాటొద్దు, అప్పుడు రిమోట్ కోసం తడుముకునే పని చాలావరకు తగ్గుతుంది. థియేటర్ సినిమాలకు కూడా 2024 చివరి నుంచి సెన్సార్ వాళ్లు ఇదే పద్ధతిలో సర్టిఫికెట్ ఇస్తున్నారు. కోస్గి నుంచి బండి కట్టుకుని మహబూబ్‌నగర్ దాకా పోయి టికెట్ కొనేముందు పోస్టర్ మీద ఆ అంకె చూసుకో.

అన్ని యాప్‌లూ ఉన్నాయన్నావు. అన్నిటికీ డబ్బు కడుతున్నారా? కడుతుంటే ఆపండి. ఒక నెల ఒకటి, అయిపోయాక ఇంకొకటి. అరగంట వెతుకులాట సగం అక్కడే తగ్గుతుంది, ముందున్నది తక్కువైతే తేల్చడం తొందరగా అవుతుంది. ఏం చూడాలో శనివారం రాత్రి అన్నాలు తిన్నాక తేల్చకూడదు, శుక్రవారమే అనుకుని పెట్టుకోవాలి. వంతులేసుకోండి. ఒకరి వంతులో ఇంకొకరు అడ్డం రాకూడదు. మీ ఆయన వంతులో కొట్లాటలొస్తే మీరూ ఓపిక పట్టాల్సిందే.

ఆయన వంతుకు నేనొకటి చెబుతా, ‘మంజుమ్మల్ బాయ్స్’. మలయాళం సినిమా, తెలుగులో డబ్బింగ్ ఉంది, 2024లో వచ్చింది. కొడైకెనాల్ చూడబోయిన దోస్తుల్లో ఒకడు గుణ గుహల్లో లోతైన బిలంలో పడిపోతాడు. మిగిలినవాళ్లు వాణ్ని వదిలి రారు. 2006లో నిజంగా జరిగిన సంగతి. విలన్ లేడు, కత్తి లేదు. అయినా మీ ఆయన సీటు అంచుకొచ్చి కూర్చుంటాడు. పోలీసులు, ఫైర్ వాళ్లు లోపలికి దిగడానికి జంకితే ఎవరు దిగుతారన్న దగ్గర మీ ఇంట్లో ఎవ్వరూ మాట్లాడరు. మొదటి నలభై నిమిషాలు తాగుడు, అల్లరి ఉంటుంది, అత్తమ్మ ముక్కు విరుస్తుంది. అది దాటితే ఆమె కూడా లేవదు.

ఇప్పుడు బిడ్డ. ఆమెకు చెప్పాల్సింది కాస్త ఎక్కువ ఉంది. హైదరాబాద్ పిల్లలు మాట్లాడుకునేవన్నీ చూసి వాళ్లను అందుకోవాలని పోతే ఇంటర్ రెండేండ్లూ అందులోనే పోతాయి, అయినా అందదు. వారానికి ఎన్ని వస్తున్నాయో చూస్తున్నావు కదా. ఒకటి బాగా చూసి, దానిమీద తనకేమనిపించిందో చెప్పగలిగితే చాలు. చూసినవాళ్లలో ఎక్కువమంది చెప్పేది రీల్స్‌లో విన్న మాటే.

ఆమెకు ‘లిటిల్ హార్ట్స్’ నచ్చుతుంది. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన చిన్న సినిమా. ఎంసెట్‌లో ర్యాంకు రాక లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరిన పిల్లల కథ. మౌళి అనే పిలగాడు చేశాడు, రీల్స్ చేసి పైకొచ్చినవాడు. నవ్వుకోవడానికి తప్ప పెద్ద లోతులేమీ లేవు. ఇంటర్ పిల్లకు ర్యాంకు రాకపోతే బతుకు ఆగిపోతుందన్న టెన్షన్ రెండు గంటలైనా తగ్గుతుంది. అత్తమ్మకు ఇది అక్కర్లేదు, మీరిద్దరూ చూడండి. అదే మౌళి పెద్దకొడుకుగా చేసిన సిరీస్ ‘90స్’, 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చింది. అది మాత్రం అందరూ చూడొచ్చు. తండ్రి లెక్కల టీచరు, ఇంట్లో ప్రతి రూపాయికీ లెక్క, పిల్లల మార్కులకు ఇంకా గట్టి లెక్క. మీ ఆయన, నువ్వు మీ చిన్నతనం చూసుకుంటారు, పిల్లలు మిమ్మల్ని చూసి నవ్వుతారు. అందులో తండ్రి శివాజీ.

శివాజీ పేరు చెప్పింది ఊరికే కాదు. 90స్‌లో మనకు దగ్గరైన అదే తండ్రి మొహాన్ని 2025 మార్చిలో వచ్చిన ‘కోర్ట్’లో చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. అందులో ఆయన ఆడపిల్లకు మామయ్య వరసయ్యే మంగపతి. విశాఖపట్నంలో కథ. పందొమ్మిదేండ్ల పేద పిలగాడు, పద్దెనిమిది నిండని పిల్ల ఒకరినొకరు ఇష్టపడతారు. పరువు కోసం మంగపతి ఆ పిలగాడి మీద పోక్సో కేసు పెట్టిస్తాడు. ప్రియదర్శి లాయరు. ఈ సినిమాను బిడ్డతో తప్పకుండా చూడు, ఒక్క ముద్దు సీను కూడా నిన్ను ఇబ్బంది పెట్టదు. 2012లో వచ్చిన పోక్సో చట్టంలో పద్దెనిమిదేండ్ల లోపు పిల్ల ఒప్పుకున్నా ఆ ఒప్పుదల చెల్లదు. ఈ ముక్క ఇంటర్ చదివే ఆడపిల్లకూ, కొన్నాళ్లలో మీసాలొచ్చే మీవాడికీ తెలిసి ఉండాలి. మనం కూర్చోబెట్టి చెబితే వాళ్లు తలదించుకుంటారు. సినిమా అయిపోయాక వాళ్లే అడుగుతారు. చట్టం చెడ్డదని మాత్రం అనుకోనివ్వకు. చిన్నపిల్లల్ని కాపాడడానికి తెచ్చిన చట్టాన్ని పగ తీర్చుకోవడానికి వాడితే ఏమవుతుందో కథ చూపిస్తుంది, ఆ తేడా నువ్వు విప్పి చెప్పాలి.

కొరియా సీరియళ్ల మీద నాకు కోపం లేదు. వద్దనకుండా ఒకటి బిడ్డతో కూర్చుని చూడు, ‘రిప్లై 1988’. సియోల్‌లో ఒక గల్లీ, ఐదు ఇండ్లు. ఈ ఇంట్లో వండిన కూర గిన్నెలో పెట్టి ఆ ఇంటికి పంపిస్తే అక్కడి నుంచి ఇంకో గిన్నె వస్తుంది, పిల్లలు అటూ ఇటూ మోస్తుంటారు. సాయంత్రం అమ్మలు గల్లీలో బల్ల మీద కూర్చుని ఆకుకూర ఏరుకుంటూ ముచ్చట్లు పెడతారు. వేరే దేశమని కాసేపటికే మరిచిపోతావు. ఒక్కో భాగం చాలా పొడుగు, భాష మనది కాదు, కింద వచ్చే అక్షరాలు చదువుకోవాలి. అందుకే అత్తమ్మకు చెప్పడం లేదు. మీ ఇద్దరికీ అయితే సెలవుల్లో మంచి కాలక్షేపం.

పాతవి అడగలేదు గానీ ఒక్కటి ఇరికిస్తా. ఎప్పుడైనా కరెంటు, మనసు రెండూ నిలకడగా ఉన్న రాత్రి ‘మా భూమి’ చూడండి. తెలంగాణ పల్లెల్లో దొరల మీద జనం తిరగబడ్డ రోజుల కథ, 1979 సినిమా. ‘బండెనక బండి గట్టి’ అని గద్దర్ తెర మీద పాడుతుంటే మీ బిడ్డ ‘ఈ పాట ఇందులోదా!’ అంటుంది. సుద్దాల హనుమంతు రాసిన ‘పల్లెటూరి పిల్లగాడా’ కూడా ఇందులో ఉంది. నలుపు తెలుపు బొమ్మ కాబట్టి మీవాడు పది నిమిషాలకు పారిపోవచ్చు. పోతే పోనీ, ఇంకో అయిదారేండ్లకు తనంతట తనే చూస్తాడు.

చివరికి నీ ఆఖరి ప్రశ్న. అత్తమ్మ చేత సీరియళ్లు మాన్పించే ఉపాయం నా దగ్గర లేదు, ఉన్నా చెప్పను. బొంబాయిలో తట్టలు మోసి వచ్చిన మనిషి, ఇప్పుడు కాళ్లు చాపుకుని తనకిష్టమైన కోడలు ఎప్పుడు గెలుస్తుందా అని చూసుకుంటోంది. ఆ సీరియల్లో ఎవరు ఎవరికి విషం పెట్టారో, ఎవరు చచ్చినట్టే చచ్చి ఎట్లా తిరిగొచ్చారో అన్నీ ఆమెకు గుర్తే. మనం అయిదు సీజన్ల సిరీస్ చూసి గుర్తుపెట్టుకునే దానికంటే అది తక్కువేమీ కాదు. నాకూ ఆ సీరియళ్లు నచ్చవు, సంగీతం చెవులు పగలగొడుతుంది. అయినా అది ఆమె వంతు. మీ సినిమా ఆమె సీరియల్ అయిపోయాకే మొదలుపెట్టు. ఆ అరగంట నువ్వూ పక్కన కూర్చుని ‘ఇప్పుడు ఈమె ఎవరత్తమ్మా?’ అని అడుగు. కథ మొత్తం మొదటి నుంచి చెబుతుంది, కాస్త తీరిక చేసుకుని అడుగు.